అ అంటే అరటిపండు

ఆయమ్మను వీధిలో అందరూ అమ్మా అనే పిలుస్తారు. "కాస్త ముందుకు జరగమ్మా" అంటాడు బస్సు కండక్టరు. "ఏం కావాలమ్మా" అంటాడు కూరగాయల కొట్టువాడు. మందుల షాపులో మీసం కూడా సరిగ్గా మొలవని కుర్రాడు "అన్నం తిన్నాక వేసుకోమ్మా" అని మాత్రలు చేతిలో పెడతాడు. బయట ఆ మాట అంత చవక. ఆవిడ కన్న ఒక్కగానొక్క కూతురు మాత్రం ఇన్నేళ్ళు వచ్చినా ఒక్కసారంటే ఒక్కసారి ఆ మాట అనలేదు. ఆయమ్మా అంటుంది.

కోపమొచ్చి కాదు, మర్యాద తెలియకా కాదు. అలవాటు. ఆ అలవాటు చేసింది కూడా ఆయమ్మే కాబట్టి ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు. అదెలా జరిగిందో చెప్పాలంటే పిల్లల గది దగ్గర మొదలుపెట్టాలి.

అది రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీ. కుట్టు హాలును ఆనుకుని ఒక గది ఉంది. ఒకప్పుడు అందులో బట్ట తానులు పెట్టేవారు. కుట్టేవాళ్ళంతా ఆడవాళ్ళు, వాళ్ళలో సగం మంది చంటిపిల్లల తల్లులు. పిల్లలకు జ్వరమొస్తే తల్లులు రావడం మానేస్తున్నారని తానులు ఖాళీ చేయించి అక్కడ పిల్లల్ని పెట్టారు. పిల్లలు బయటికి పరుగెత్తకుండా గుమ్మానికి నడుమెత్తు చెక్క గేటు ఒకటి బిగించారు. చూసుకోవడానికి ఆయమ్మను పెట్టారు. సాయానికి ఇంకొకరిని కూడా ఇస్తామని అప్పుడే అన్నారు. ఇప్పటికీ అంటూనే ఉన్నారు.

పొద్దున ఫ్యాక్టరీ కూత వేసేలోపు తల్లులు పిల్లల్ని గేటు మీదుగా అందించి మిషన్ల దగ్గరికి పరుగెడతారు. సాయంత్రం కూత వేశాక వస్తారు. ఆ మధ్యలో పాతిక మంది, ఒక్కోసారి ముప్ఫై మంది ఆయమ్మ సొత్తు.

ఆ సొత్తు సంగతి ఏమని చెప్పను! ఒకడికి చొక్కా తొడిగేలోపు ఇంకొకడు తనది విప్పి కిటికీలోంచి పారేసేవాడు. ఒకతి పక్కవాడి పాలు గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, "వీడి పాలెవరు తాగారు?" అని అందరికంటే గట్టిగా అడిగేది. ముక్కు కారని రోజు లేనివాడి పేరు జలుబు. కనబడ్డ చెయ్యినల్లా కొరికేదాని పేరు ఎలకపిల్ల. చేతులు కట్టుకుని కూర్చుని అందరి తగవులూ తీర్చేవాడు జడ్జిగారు. పాపం జడ్జిగారికి నిక్కరు నిలిచేది కాదు, తీర్పు చెప్పడానికి లేచి నిలబడితే చాలు జారిపోయేది. ఒకళ్ళు దొడ్డికంటే అందరికీ వచ్చేది. ఒకళ్ళు నవ్వితే ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండానే గదంతా నవ్వేది. ఇల్లు పీకి పందిరేస్తారని పిల్లల్ని ఊరికే అంటారు గానీ, ఆ గదికి పైకప్పు మిగలడమే గొప్ప.

మధ్యాహ్నం అందరినీ వరసగా పడుకోబెట్టి, రెండు చేతులతో ఇద్దరిని, కాలితో ఒకణ్ణి జోకొట్టేది ఆయమ్మ. చివరివాడు కళ్ళు మూసేసరికి మొదటివాడు లేచి కూర్చునేవాడు. ఏ పుణ్యాన్నో అందరూ ఒకేసారి పడుకుంటే గోడవతల మిషన్ల చప్పుడు ఒక్కటే వినిపించేది. అప్పుడు కాస్త నడుం వాల్చవచ్చు కదా! వాల్చదు. ఏదో పోగొట్టుకున్నట్టు అటూ ఇటూ చూసేది. ఒక్కళ్ళయినా లేస్తే బాగుండునని చూసేది. లేచాక, "అప్పుడే లేచావా, నా ప్రాణానికి!" అని కసురుకుంటూ చంకన వేసుకునేది.

గది పెట్టిన కొత్తలో ఒకనాడు జరిగింది ఆ గొడవ. పొద్దున్నే ఒక పిల్ల గేటు పట్టుకుని, వెళ్ళిపోతున్న తల్లిని చూస్తూ "అమ్మా" అంది. మామూలుగానే అంది, ఏడవలేదు కూడా. కానీ ఆ మాట వినగానే పక్కనున్న వాడికి తన తల్లి గుర్తొచ్చింది. వాడు గుక్కపట్టాడు. వాణ్ణి చూసి ఇంకొకతి. లెక్కపెట్టుకునేలోపు గదంతా "అమ్మా, అమ్మా" అని ఒకటే ఆక్రోశం. గోడవతల మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఏ గొంతు ఎవరిదో తల్లులకు చెప్పాలా? కొందరికి పాలు చేపి రవికలు తడిశాయి. కొందరు పని వదిలేసి పరుగెత్తుకొచ్చారు. రాకుండా కూర్చున్నవాళ్ళు ఏ ధ్యానంలో కుట్టారో, ఆ పూట చొక్కాలన్నిటికీ ఎడమ చెయ్యి కుడివైపు, కుడి చెయ్యి ఎడమవైపు వచ్చాయి.

సూపర్వైజరు మేడమ్ వచ్చి గేటవతలే నిలబడింది.

"ఇంకొక్కసారి ఇలా జరిగితే గది మూయించేస్తాను. తర్వాత మీ ఇష్టం, వాళ్ళ ఇష్టం."

గది మూస్తే అందరూ ఇంటికే. ఆయమ్మ రాత్రంతా ఆలోచించింది. మర్నాటి నుంచి గదిలో ఆ మాట వినబడకుండా చేసింది. తల్లులకు రెండు కట్టడులు పెట్టింది: గేటు దగ్గర అమ్మ అనే మాట నోట రానీయకూడదు, గేటు దాటాక వెనక్కి తిరిగి చూడకూడదు. "మీరు ఒక్కసారి తిరిగి చూశారంటే వాళ్ళు సాయంత్రం దాకా చూస్తూనే ఉంటారు" అని ఎంతమందిని కేకలేసిందో! లోపల తల్లికి కొత్త పేరు పెట్టింది, సాయంత్రం ఆవిడ. "ఏడవకు, నీ సాయంత్రం ఆవిడ వచ్చేస్తుంది" అనేది. కథల్లో కోడిపిల్లలు తప్పిపోతే "ఓ కోడీ, ఓ కోడీ" అని పిలిచేవి. అక్షరాలు కూడా సవరించింది. అ అంటే అరటిపండు, ఆ అంటే ఆవు. పిల్లలంతా గొంతెత్తి "అరటిపండూ" అని సాగదీస్తుంటే గోడవతల తల్లులు హాయిగా చేతులు ఎటువి అటే కుట్టుకునేవారు.

ఆ పిల్లల్లో ఆయమ్మ కూతురు బుడ్డి కూడా ఉంది. అప్పటికి దానికి ఏడాది నిండలేదు, మాటలు రాలేదు. దాని మాటలన్నీ ఆ గదిలోనే వచ్చాయి. అందరూ దేన్ని ఏమంటే అదీ అదే అంది. అందరూ ఆయమ్మా అంటే అదీ ఆయమ్మా అంది.

ముందు ముద్దొచ్చింది. ఇంటికి వెళ్ళాక నేర్పుకోవచ్చులే అనుకుంది ఆయమ్మ. ఇంటికి చేరేసరికి ఇద్దరికీ నిద్రే. ఆదివారాలు ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పబోయేది.

"ఆయమ్మా, నీళ్ళు."

"వినపడలేదు. ఏమని పిలిచావు?"

"ఆయమ్మా!"

"వినపడలేదే."

చెవులు పనిచేయడం లేదనుకుని బుడ్డి దగ్గరకొచ్చి, చెవిలో నోరు పెట్టి, ఇల్లు అదిరేలా "ఆయమ్మా" అని అరిచేది. నీళ్ళివ్వక ఏం చేస్తుంది?

దాని తండ్రి లారీ డ్రైవరు. ఇంటికొచ్చిన రోజులకంటే రాని రోజులే ఎక్కువ. ఎప్పుడో గడ్డం పెరిగి, ఒళ్ళంతా డీజిల్ వాసనతో దిగే ఆ మహానుభావుణ్ణి మాత్రం బుడ్డి నోరారా "నాన్నా" అని పిలిచేది. గదిలో నాన్నను ఎవరూ నిషేధించలేదు మరి! ఆయన ఆ పిలుపు విని మురిసిపోయి, తినేసి, పడుకుని, తెల్లారేసరికి వెళ్ళిపోయేవాడు. ఆయమ్మకు ఆయన మీద వేరే కోపాలు చాలా ఉన్నాయి గానీ అన్నిటికంటే పెద్దది ఇదే.

బడిలో వేశాక పంతులమ్మ "అ అంటే?" అని అడిగింది. ఫ్యాక్టరీ పిల్లలంతా ఒక్క గొంతుతో "అరటిపండు!" అన్నారు. "కాదర్రా, అ అంటే అమ్మ" అని ఆవిడ చెప్పగానే జలుబుకు కింది పెదవి వణికింది. తర్వాత అరగంట ఆ తరగతిలో చదువు సాగలేదట. ఏమైతేనేం, బుడ్డి ఆ మాట రాయడం నేర్చుకుంది, చదవడం నేర్చుకుంది. పుస్తకంలో అక్షరం పక్కన చీర కట్టుకున్న ఒకావిడ బొమ్మ ఉండేది. ఆయమ్మ రాత్రి అన్నం తిన్నాక ఆ పేజీ తీసేది.

"ఇదేంటి?"

"అమ్మ."

"సరిగ్గా అనలేదు, మళ్ళీ అను."

"అమ్మ."

"ఇంకోసారి."

బుడ్డి ఆ బొమ్మ మీద వేలు పెట్టి, దాన్నే చూస్తూ, విసుక్కోకుండా అనేది. ఒక్కసారైనా తలెత్తి అనకపోతుందా అని ఆయమ్మ పక్కనే కూర్చుని చూసేది. బొమ్మలో ఆవిడ మీద అసూయ పుట్టేదంటే నమ్మండి.

జలుబు, జడ్జిగారు, ఎలకపిల్ల పెద్దవాళ్ళయి వెళ్ళిపోయారు. వాళ్ళ చోట్లో వేరే జలుబులు, వేరే జడ్జిగార్లు వచ్చారు. బుడ్డి కూడా పెరిగి, అదే ఫ్యాక్టరీలో కుట్టు మిషను ఎక్కింది. పెళ్ళయింది. మొగుడితో పక్క వాటాలోనే కాపురం. రోజుకు పదిసార్లు గోడ మీదుగా "ఆయమ్మా, ఉప్పుందా?", "ఆయమ్మా, తలనొప్పి తగ్గిందా?" అని పిలుస్తూనే ఉంటుంది. ఇంత చూసుకునే కూతురున్న మనిషికి లోటేముంది అంటారు చుట్టుపక్కలవాళ్ళు. ఏమీ లేదు. సరిగ్గా ఒక మాట అంత లోటు.

ఒకరోజు మిషను సూది బుడ్డి చూపుడు వేలిలోంచి దిగిపోయింది. హాలంతా అదిరేలా అరిచింది. దెబ్బ తగిలితే ఎవరైనా ఏమంటారు? ముసలివాళ్ళయినా, తల్లి పోయినవాళ్ళయినా అమ్మా అనే అంటారు. గోడకు ఇవతల చంటిదానికి బట్టలు మారుస్తున్న ఆయమ్మకు కూతురి గొంతు వినిపించింది. "ఆయమ్మా!" అని వినిపించింది. పరుగెత్తుతూనే, ఆ క్షణంలో కూడా, ఆవిడ మనసులో ఒక మూల చివుక్కుమంది. అలా చివుక్కుమన్నందుకు తర్వాత తనను తనే తిట్టుకుంది.

ఆస్పత్రిలో కట్టు కడుతుంటే కూడా బుడ్డి "ఆయమ్మా, ఆయమ్మా" అని ఒకటే మూలుగు. ఆ వార్డులో పనిచేసే ఆయమ్మ చీపురు పట్టుకుని పరుగున వచ్చింది.

"ఎందుకమ్మా అన్నిసార్లు పిలుస్తావు, వస్తున్నానుగా! ఏం కావాలి?"

"మిమ్మల్ని కాదండీ" అంది మన ఆయమ్మ. "నన్ను. నేను దాని తల్లిని."

ఆ ఆస్పత్రి ఆయమ్మ ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి, ఏమీ అర్థంకాక వెళ్ళిపోయింది. బుడ్డి నొప్పిలోనూ పకపకా నవ్వింది. ఆయమ్మ నవ్వలేదు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పవే. నన్ను అమ్మా అని ఎందుకు పిలవవు?"

బుడ్డి నవ్వు ఆపి, కట్టు కట్టిన వేలు చూసుకుంది.

"చిన్నప్పుడు మన గదిలో పొద్దున్నే ఎవరో ఒకళ్ళు నోరు జారేవాళ్ళు కదా, గుర్తుందా? గేటు పట్టుకుని ఆ మాట ఎంత అరిచినా వాళ్ళ సాయంత్రం ఆవిడ వచ్చేది కాదు. వెనక్కి తిరిగి కూడా చూసేది కాదు. అమ్మంటే వెళ్ళిపోయేది కాబోలు అనుకునేదాన్ని. నువ్వెక్కడికీ వెళ్ళేదానివి కాదు. నిన్నెందుకంటాను ఆ మాట?"

చెప్పినదాంట్లో తప్పేముంది? బిడ్డ తనను ఎంత దగ్గరగా పెట్టుకుందో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? ఆ మాటలు తలుచుకుని చాలా రోజులు మురిసింది. మురుస్తూనే, బస్సులో పక్కసీటు పిల్ల తన తల్లిని అమ్మా అని పిలిస్తే తలతిప్పి చూసింది. ఆశకు నచ్చజెప్పడం ఆ గదిలో ఏ మొండిపిల్లకు నచ్చజెప్పడంకన్నా కష్టం.

బుడ్డి వేలు నయమైంది గానీ వంగదు. వంగని వేలితో మిషను నడపలేదు. కొన్నాళ్ళు బొత్తాలు కుట్టింది, కొన్నాళ్ళు మడతలు పెట్టింది. ఇక్కడ ఆయమ్మకు మోకాళ్ళు మొరాయించాయి. కింద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకు లాగాల్సి వచ్చేది. వాళ్ళకది ఆట. ఒకసారి అలా లాగుతూ అందరూ కలిసి వెనక్కి పడ్డారు. కొత్త మేడమ్ అది చూసింది. పాత మేడమ్ కంటే మెత్తని మనిషి.

"ఇంక చాలు, ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి. మీ అమ్మాయికి ఇస్తాం ఈ పని. తను ఈ గదిలోనే పెరిగిందటగా?"

ఆయమ్మ సరేనంది. ఇంటికొచ్చి ఏడ్చింది. ఇంటి దగ్గర విశ్రాంతి! ఎవరూ కొరకని, ఎవరూ చీర కొంగుకు ముక్కు తుడవని, గడియారం చప్పుడు వినిపించే ఇంట్లో విశ్రాంతట! ఇక ముందు తనను ఆయమ్మా అని పిలిచేది కూడా బుడ్డి ఒక్కతే.

ఓ వారం ఇద్దరూ కలిసి గదిలో ఉన్నారు, పని అప్పజెప్పడానికి. బుడ్డికి చెప్పాల్సిందేముంది? ఎవరిని ఎలా జోకొట్టాలో దాని వీపుకే తెలుసు. పిల్లలు రెండో రోజుకే దాన్ని ఆయమ్మా అనేశారు. ఎవరైనా పిలిస్తే ఇద్దరూ తలతిప్పేవారు, పిల్లలకది కొత్త సరదా. తలలు తిప్పించడానికే ఊరికే పిలిచేవారు. చివరికి ఇప్పటి జడ్జిగారు చేతులు కట్టుకుని బుడ్డి ముందు నిలబడ్డాడు.

"నువ్వు ఆయమ్మవా?"

"ఆఁ, ఆయమ్మనే."

"మరి ఈవిడ నీకేమవుతుంది?"

ఆయమ్మ ఒకదానికి జడ వేస్తోంది. ఆవిడ చేతులు ఆగిపోయాయి. బుడ్డి నోరు తెరిచింది. పెదవులు ఆ మాటకు కుదిరాయి కూడా, ఆయమ్మ కళ్ళారా చూసింది. కానీ ఎదురుగా పాతిక జతల చెవులు. బుడ్డి చటుక్కున తేరుకుంది.

"ఈవిడా? ఈవిడ నా సాయంత్రం ఆవిడ."

"ఓహో" అని జడ్జిగారు వెళ్ళిపోయాడు, నిక్కరు ఎగలాక్కుంటూ. ఆయమ్మ జడ పూర్తిచేసింది. ఆ గది భాషలో అది అదే మాట, ఆవిడ పుట్టించిన భాషే కదా! కానీ తను కట్టిన గోడ ఇవాళ తనకే అడ్డం వచ్చిందని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆఖరి రోజు సాయంత్రం దాకా ఉంటే అందరూ పట్టుకుని ఏడుస్తారని, పొద్దున పిల్లలు కుదురుకోగానే వెళ్ళిపోతానంది. మెల్లగా అందరి తలలూ నిమిరింది. పాలు పోసేటప్పుడు కళ్ళు తుడుచుకోవడానికి తీసిన కళ్ళజోడు కిటికీ గూట్లోనే ఉండిపోయింది. అది గమనించుకునే స్థితిలో లేదు. గేటు తెరిచి, దాటి, గొళ్ళెం వేసింది. ఇన్నేళ్ళలో పిల్లలు లోపలుండగా ఆ గేటు బయటినుంచి వేయడం అదే మొదలు. ఆవరణలో నాలుగడుగులు వేసింది.

"అమ్మా!"

పెద్ద గొంతు. పిల్లల గొంతు కాదు.

ఆయమ్మ కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. వెనక గదిలో ఒక్క క్షణం అంతా కిక్కురుమనకుండా ఉంది. ఆ తర్వాత ఎవరో ఒకరు "అమ్మా" అన్నారు. ఇంకొకరు. ఇంకా ఇంకా. గదంతా గుక్కపట్టింది. గోడవతల మిషన్లు ఆగుతున్న చప్పుడు కూడా వినిపించింది. అన్ని గొంతులు! ఆ గోలలో మొదటి గొంతు మళ్ళీ ఏదో అంటోంది, ఏమంటోందో తెలియడం లేదు. తిరిగి చూడాలని మెడ నరాలు లాగేస్తున్నాయి. గేటు దాటాక తిరిగి చూడకూడదు. ఎంతమంది తల్లులను కేకలేసిందీ మాట మీద! కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ ఎంతమంది ఆవిడ మాట మన్నించి తిరగకుండా వెళ్ళారు!

తిరగలేదు. కదలనూ లేదు. ఆ గోలకు వీపు ఆనించుకున్నట్టుగా, అక్కడే నిలబడి అంతా విన్నది. ఒక్కొక్క గొంతూ సద్దుమణిగి, చివరకు ఎవరివో రెండు వెక్కిళ్ళు మిగిలి, "అ అంటే?" అని బుడ్డి అడగడం, "అరటిపండు" అని తడిగొంతులు అనడం వినిపించేదాకా నిలబడింది. అప్పుడు నడిచింది. కళ్ళజోడు లేక రోడ్డంతా అలుక్కుపోయినట్టు కనబడింది. నీళ్ళవల్ల అనుకుంది.

సాయంత్రం బుడ్డి వచ్చీ రావడంతోనే కళ్ళజోడు తెచ్చి బల్ల మీద పెట్టింది. మొహం ఎర్రగా ఉంది.

"ఇది వదిలేసి వెళ్ళిపోతావేంటి? ఇద్దామని పిలిస్తే తిరిగి కూడా చూడవే! ఏమనిపించిందో, నోట్లోంచి అలా వచ్చేసింది. పిల్లలంతా అందుకున్నారు. హాలు హాలంతా ఆగిపోయింది. మేడమ్ మొదటిరోజే చీవాట్లు పెట్టింది, తెలుసా? అంత గట్టిగా పిలిచాను!"

ఆయమ్మ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకుంది. కూతురి మొహం స్పష్టంగా కనబడింది.

"పిలిచావా? వినపడలేదే" అంది. "ఏమని పిలిచావు?"